గడ్డి దుమ్ము మీద ఫిర్యాదు

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం," అన్నాడు జిగ్గీ, మడత కుర్చీలో కూలబడుతూ. "ఎవడో గానీ మన ఊరి పాలు తాగుతూనే ఈ పని చేశాడు."

వాండా పక్కన కూర్చుంది. భర్త కోటు మీద అంటుకున్న గడ్డిపోచ తీసి పారేసింది.

ఫైర్ స్టేషన్ హాల్లో ఊరు సగం దిగింది. 'ఇది సేద్యం చేసుకునే హక్కున్న ఊరు' అని పొలిమేరలో బోర్డు పెట్టుకున్నాక, ఒక రైతు మీద వచ్చిన మొదటి ఫిర్యాదు ఇది. అది నెగ్గితే జిగ్గీ తన కొట్టంలో ఎండుగడ్డి కట్టలు విప్పడం ఆపాలి. విప్పకపోతే చలికాలం ఆవులకు మేత ఉండదు. మేత లేకపోతే ఆవుల్ని అమ్ముకోవాల్సిందే. ఫిర్యాదు వెళ్లిన రోజు నుంచీ వాండాకు ముద్ద దిగడం లేదు.

వ్యవసాయ సంఘం పెద్ద ఆల్డెన్ లేచాడు. యాపిల్ తోటల మనిషి. చేతిలో కాగితమేమీ లేదు, నోటితోనే చెప్పాడు.

"జిగ్గీ కొట్టంలో పొద్దున్నే కట్టలు విప్పితే లేచే దుమ్ములో బూజు ఉందట. దగ్గర్లో ఉండేవాళ్ల ఊపిరితిత్తులు పాడవుతున్నాయట. ఆపించమంటున్నారు. పేరు బయటపెట్టొద్దన్నారు, పెట్టను. మనం పెట్టుకున్న నియమమే అది."

"పేరెందుకులే," వెనక వరసలోంచి ఓటిస్ అన్నాడు. జిగ్గీ పొరుగు రైతు అతను. "కొండ మీద కొత్తిల్లు ఎవరిదో మాకు తెలీదా?"

కొండ మీది ఇల్లు థియాది. కాలేజీలో పాఠాలు చెబుతుంది, భర్తతో కలిసి పోయినేడే ఈ ఊరొచ్చింది. ఆమె లేచి నిలబడింది.

"మేం పెట్టలేదు. మా ఇల్లు అర మైలు ఎగువన ఉంది. దుమ్ము అంత దూరం రాదు."

"దుమ్ము రాదమ్మా, నిజమే. చదువుకున్న ముక్కులే అర మైలు దిగొస్తాయి," అన్నాడు ఓటిస్.

హాల్లో నవ్వులు. పోయిన వారం ఎవరో థియా పోస్టు డబ్బాలో పేడ కుక్కిపోయారు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ తెలియనట్టే కూర్చున్నారు. వాండా తన చేతులకేసి చూసుకుంది.

"నువ్వేమంటావు జిగ్గీ?" అడిగాడు ఆల్డెన్.

"ఏముందనడానికి? గడ్డి తడిగానే కట్టాను, ఒప్పుకుంటా. ఆరేదాకా ఆగితే మళ్లీ వాన పడేది. తడి కడితే బూజు పడుతుంది. మా నాన్న బతుకంతా ఆ దుమ్మే మింగాడు." అంతలో దగ్గు తెర కమ్ముకొచ్చింది. వంగిపోయి, మోకాళ్లు పట్టుకుని దగ్గాడు. వాండా నీళ్లిచ్చి వీపు నిమిరింది.

"డాక్టరేమన్నాడ్రా?" అన్నాడు ఓటిస్.

"ఇంకో చలికాలం కొట్టంలో గడిపితే ఊపిరి మిగలదన్నాడు. ఆవుల్ని అమ్మేయమన్నాడు. ముందు వాణ్ణే అమ్మేస్తానన్నా. పోనీ ముసుగైనా కట్టుకోమన్నాడు. ముసుగేసుకుని పోతే ఆవులు దొంగనుకోవూ?" హాలంతా గొల్లుమంది. జిగ్గీ భార్య వైపు బొటనవేలు చూపించాడు. "ఈవిడా కొన్నాళ్లు అదే పాట పాడింది. ఇప్పుడు మానేసిందిలే, పాపం."

ఆల్డెన్ నవ్వలేదు. "చట్టంలో ఉన్నది ఒకటే. ఈ చుట్టుపక్కల రైతులంతా మామూలుగా చేసే పనయితే దాని మీద ఫిర్యాదు చెల్లదు. వానాకాలం గడ్డి తడిగానే కట్టడం మనందరికీ మామూలేనా? అవునన్నవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. జిగ్గీ మోచేత్తో పొడిస్తే వాండా కూడా ఎత్తింది.

"అయితే చట్టం రైతు వైపే. ఫిర్యాదు కొట్టేశాం."

చప్పట్లు మోగాయి. వాండా కళ్లు తుడుచుకుంది.

"చూశారా, మా ఆవిడ ఆనందం," అన్నాడు జిగ్గీ అందరికీ వినబడేలా.

కాఫీ బల్ల దగ్గర వాండా తను చేసి తెచ్చిన పియెరోగీలు, ఆలుగడ్డ కూరిన కుడుములు, పళ్లేల్లో పెడుతోంది. థియా దగ్గరకొచ్చింది. ఆమె చుట్టూ ఉన్నవాళ్లు అటు తిరిగి నిలబడ్డారు.

"వాండా గారూ, మీరైనా నమ్మండి. అది మేం కాదు."

"నాకు తెలుసమ్మా."

"తెలుసా? మరైతే వాళ్లతో ఆ ఒక్క మాట చెప్పండి. మీరు చెబితే నమ్ముతారు."

వాండా గరిటె పక్కన పెట్టింది. మళ్లీ తీసుకుంది. ఇంకో పళ్లెంలో పియెరోగీలు వడ్డించింది.

థియా కోటు అందుకుంది. "ఫర్లేదు లెండి. ఇల్లు అమ్మకానికి పెట్టేశాం," అని దాన్ని వేసుకుని వెళ్లిపోయింది.

జనం పలచబడ్డాక ఆల్డెన్ వచ్చి వాండా చెయ్యి పట్టుకున్నాడు. "క్షమించమ్మా," అన్నాడు.

"గెలిచినవాళ్లకి క్షమాపణలేంటయ్యా," అని జిగ్గీ అతని వీపు చరిచాడు. "రా వాండా, పాలు పితికే వేళవుతోంది."

ఇంటికి రాగానే బట్టలైనా మార్చుకోకుండా తిన్నగా కొట్టంలోకి నడిచాడు. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"వాడెవడో ఏనాటికైనా బయటపడాలి. పడ్డనాడు జన్మలో వాడి మొహం చూడను."

లోపల కత్తికి తాడు తెగింది. కట్ట విచ్చుకుంది. బల్బు చుట్టూ దుమ్ము తెల్లగా లేచింది. కాసేపటికి దగ్గు మొదలైంది. ఆగుతుందేమోనని వాండా వాకిట్లోనే నిలబడి వింది. ఆగలేదు.

"ఆ తలుపు మూసెయ్యవే, చలి కొడుతోంది," దగ్గు మధ్యలోంచి కేకేశాడు జిగ్గీ.

వాండా తలుపు మూసింది.

ఫిర్యాదు పెట్టింది ఆమే.