కూలర్ పరీక్ష

"ఇది పది నిమిషాల్లో వేడెక్కి ఆరిపోతుంది. ఎందుకో కనిపెడితే ఉద్యోగం నీదే," అన్నాడు రిపేరు కొట్టు యజమాని సైదావలి, బల్ల మీది కంప్యూటర్ చూపిస్తూ. "నీకు ముందు పదకొండు మంది వచ్చారు. అందరూ తెల్లమొహం వేశారు."

ఇల్మా బల్ల దగ్గరికి నడిచింది. ఈ ఉద్యోగం రాకపోతే రేపే చల్లపల్లి బస్సెక్కి, పెదనాన్న చెప్పుల కొట్లో కూర్చోవాలి. మూడేళ్ల డిప్లొమా చెప్పుల పెట్టెల మధ్య పడి ఉంటుంది.

ఆమె కూర్చోగానే కుర్చీకున్న ప్లాస్టిక్ కవరు చరచరమంది.

కంప్యూటర్ మూత తీసి, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ ఫ్యాను చూసింది. బాగానే తిరుగుతోంది. రేకుల సందుల్లో దుమ్ము కూడా లేదు.

సైదావలి వెనకాలే నిలబడి పాఠం మొదలుపెట్టాడు. బెజవాడలో కూలర్ల గురించి ఎవరైనా తన తర్వాతేనని ఆయన నమ్మకం.

"చూడమ్మా, ప్రాసెసర్ వేడి ముందు కూలర్ అడుగున్న రాగిపలకకి ఎక్కాలి. మధ్యన వెంట్రుకవాసి సందున్నా గాలి చేరి అడ్డుపడుతుంది. అందుకే పేస్టు పూస్తాం. పలక నుంచి రేకులకి, రేకుల నుంచి గాలికి. ఎక్కడ తేడా వచ్చినా అంతే సంగతులు."

"తెలుసండీ," అంది ఇల్మా. ఈయన కాసేపు ఊరుకుంటే బాగుండునని మనసులో అనుకుంది.

మరలు విప్పి, కూలర్ పైకి తీసి, పాత పేస్టు తుడిచింది. రాగిపలక తళతళలాడింది. తప్పేమీ దొరకలేదు.

దిక్కుతోచక చుట్టూ చూసింది. సీలింగ్ ఫ్యాను గిన్నెకి కంపెనీ కవరు అలాగే ఉంది. ఏసీ రిమోట్‌కీ కవరే. గోడ గడియారం అద్దం మీద పల్చటి పొర. ఈ కొట్లో ఏ వస్తువూ ఇంకా పూర్తిగా పెట్టెలోంచి బయటికి వచ్చినట్టు లేదు.

ఇల్మా రాగిపలక అంచున గోరు పెట్టి గీకింది. కంటికి ఆనని ప్లాస్టిక్ పొర ఒకటి మెల్లగా ఊడి వచ్చింది.

"వేడి పలకకి ఎక్కితే కదండీ. మధ్యలో ఇదుంది."

సైదావలి ఆ పొరను వెలుతురులోకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఊఁ. నేనే ఉంచాన్లే," అన్నాడు చివరికి. "రేపు తొమ్మిదింటికి వచ్చెయ్."

ఇల్మాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కొత్త పేస్టు పూసి కూలర్ బిగించింది. అరగంటైనా కంప్యూటర్ ఆరిపోలేదు.

సైదావలి భార్య ఫక్రున్నీసా టీ పట్టుకొచ్చి, వెలుగుతున్న తెరను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, మూణ్ణెల్లుగా మీకే అంతుచిక్కని రోగాన్ని ఈ అమ్మాయి కుదిర్చేసిందా?"