అడక్కుండా ఎక్కిన అవ్వ

టాక్సీ తలుపు మూసేలోపే ఆ ముసలావిడ ఎక్కి కూర్చుంది.

“జూకేగా? నేనూ చూడలేదు. పదండి,” అంది.

మావి తన భర్త సాంగా వైపు చూసింది. సాంగా కిటికీ వైపు చూశాడు.

మిజోలుగా పుట్టాక, పెద్దవాళ్ళని దిగమనడానికి నోరెవరికి వస్తుంది?

ఆవిడ పేరు రోచుంగి. కోల్‌కతాలో మిజోలు దిగే వసతి గృహంలో వీళ్ళ పక్క గదే. అక్కడ దిగేవాళ్ళలో ముప్పాతిక మంది రోగులు.

“వైద్యానికొచ్చావా అవ్వా?” అని నిన్న మావి అడిగింది.

“మోకాళ్ళ నొప్పేలే తల్లీ,” అని నవ్విందావిడ.

తమ నిర్ణయం చెప్పడానికి మావికి ఈ రెండు రోజులే మిగిలాయి.

పురూలియా అవతల ఉన్న సంతాల్ పల్లె కుసుమ్‌డిలో మూడేళ్ళుగా మిషన్ బడి నడుపుతున్నారు మొగుడూ పెళ్ళాలు. ఈ వానల్లో రెండేళ్ళ కూతురు కిమికి మలేరియా వచ్చింది. కాలిపోతున్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఎడ్లబండిలో ఆసుపత్రికి పోయినప్పుడే మావి తేల్చేసింది. ఇక సొంతూరు ఐజ్వాల్ వెళ్ళిపోవాలి.

సాంగా అవుననలేదు, కాదనలేదు. వాళ్ళు వచ్చేస్తే పంతొమ్మిది మంది పిల్లల బడి మూతపడుతుంది. అక్కడికి పోవడానికి ఇంకెవరూ దొరకలేదు.

“శని, ఆదివారాలు ఊరు చూడండి. కడుపునిండా తినండి. సోమవారం వచ్చి ఏ సంగతో చెప్పండి,” అన్నాడు మిషన్ కార్యదర్శి.

ఆ రెండు రోజుల్లోకి ఈ అవ్వ వచ్చి పడింది.

జూలో అవ్వ కిమిని శాలువాతో తన వీపుకి కట్టుకుంది. బిర్యానీ హోటల్లో కూడా దించలేదు.

“మీరు వేడివేడిగా తినండి. పిల్లతల్లి వేడన్నం తిని ఎన్నాళ్ళయిందో!”

“నువ్వూ తిను అవ్వా.”

“నాకాకల్లేదు.”

ఈ ఊరి బిర్యానీలో వేసే బంగాళాదుంప కూడా మావికి సహించలేదు. చూపంతా పిల్ల మీదే ఉంది.

“దానికేం పెడుతున్నావు?”

“గుడ్డు ముక్క. నమిలే పెట్టాలా ఏంటి?”

సాంగా ఫక్కున నవ్వాడు. మావి టేబుల్ కింద అతని కాలు తొక్కింది.

నోరు ఊరుకోదు అవ్వకి. కుసుమ్‌డిలో నీళ్ళెంత దూరం? వానొస్తే బడి కురుస్తుందా? పాములున్నాయా? నీళ్ళని అక్కడివాళ్ళ భాషలో ఏమంటారు?

“దాక్,” అంది మావి విసుగ్గా.

“దాక్. దాక్,” అని అవ్వ వల్లెవేసింది.

“కిమీ వాళ్ళ నాన్నా, ఈవిడ జనాభా లెక్కలకొచ్చిందేమో కనుక్కో,” అని మావి భర్త చెవిలో గొణిగింది.

ఆదివారం పొద్దున్నే చైనావాళ్ళ బజార్లో పొగలు కక్కే మోమోలు తిన్నారు. చర్చికి వెళ్ళారు. సాయంత్రం హుగ్లీ మీద లాంచీ ఎక్కారు. అవ్వా ఎక్కింది.

“అక్కడి పిల్లలు దేనికి భయపడతారు?” అని మళ్ళీ మొదలుపెట్టింది.

“వాళ్ళా? దేనికీ భయపడరు. భయపడేదాన్ని నేనే.”

“బాగా చదివేదెవరు?”

“ఫూల్‌మణి. తొమ్మిదేళ్ళుంటాయి. పేరు రాయడం వచ్చిన రోజు ఊళ్ళో మేకలన్నిటి మీదా బొగ్గుతో తన పేరే రాసేసింది. ఊరు ఊరంతా కొట్లాట, ఎవరి మేక ఏదో తెలీక!”

చెబుతూ చెబుతూ మావి నవ్వింది. ఆ పైన ఆగలేదు. పాడమంటే బల్ల కింద దాక్కునే సోమాయ్ గురించి చెప్పింది. రోజూ కిమికి రేగుపళ్ళు తెచ్చే అక్కాచెల్లెళ్ళ గురించి చెప్పింది.

“వచ్చేప్పుడు ఫూల్‌మణి అడిగింది అవ్వా, మళ్ళీ వారం వస్తారుగా అని. ఊఁ అన్నాను. ఐజ్వాల్ పోతున్నామని చెప్పలేకపోయాను.”

లాంచీ ఒడ్డుకొచ్చింది. ఇప్పుడు అవ్వ సువార్త చెప్పి వెనక్కి పొమ్మంటుందని మావి పళ్ళు బిగబట్టింది.

“ఐజ్వాల్‌లో చల్లగా ఉంటుంది. పిల్లకి మంచిది. మనసులో ఏం పెట్టుకోకు తల్లీ, వెళ్ళిపో,” అంది అవ్వ.

ఆ మాటకి మావి మనసు తేలికపడాలి. పడలేదు.

సోమవారం పొద్దున కిమికి జావ తాగిస్తూ, తలెత్తకుండా అంది.

“మార్చి పరీక్షల దాకా బడి దగ్గరే ఉందామా?”

సాంగా చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

“దోమతెరలు కొత్తవి కావాలి. మందులు ఇక్కడే తీసుకుందాం. దీని ఒళ్ళు కాస్త వెచ్చబడ్డా సరే, ఆ రోజే బండెక్కేస్తాను. ముందే చెబుతున్నా.”

“నేనే ఎక్కిస్తాను,” అన్నాడు సాంగా.

ఈ మాట అవ్వకి చెప్పాలనిపించి పక్క గది తలుపు తట్టింది మావి. గది ఊడ్చి ఉంది. దుప్పటి మడిచి ఉంది.

“ఆవిడ వెలుగు రాకముందే వెళ్ళిపోయిందిగా,” అంది వంటామె.

ఆసుపత్రికి కాబోలు. రెండు రోజులు పిల్లని మోసింది. ఏం తిన్నదో ఒక్క పూటా గట్టిగా అడగలేదు. మావికి సిగ్గేసింది.

ఆఫీసులో వాళ్ళ మాట వినగానే కార్యదర్శి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

“వెనక్కి వెళ్తారా! దేవుడి దయ. కానీ మీరిక వెళ్ళరనుకుని మీ బదులు ఒకరు ఇవాళే బయల్దేరి వెళ్ళారే!”

“ఎవరూ దొరకలేదన్నారుగా?”

“కుర్రవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. ఆఖర్న ఒక పెద్దావిడ వెళ్తానంది. మీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ముసలిది వెళ్తోందని తెలిస్తే సిగ్గుపడి, ఇష్టం లేకపోయినా పిల్లనేసుకుని మళ్ళీ అక్కడికే పోతారట. వాళ్ళని హాయిగా ఇంటికి పోనివ్వండి అంది.”

మావి కిమిని గుండెకి అదుముకుంది.

“పేరు?”

“రోచుంగి గారని, ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసింది. ఈపాటికి మీ కుసుమ్‌డి దారిలోనే ఉంటుంది.”