జోలపాట మొదలు

కంబోడియాలో జనాన్ని వెట్టి శిబిరాల్లో పెట్టిన ఖ్మేర్ రూజ్ దళాలు పారిపోయిన ఏడాది, బత్తంబాంగ్ బజారులో సబ్బులమ్మే ముసలాయన పాత సినిమా పాటల టేపు పెట్టాడు. ఫల్లా ఆగిపోయింది.

“ఇదేనే చెందా, శిబిరంలో నీకు రోజూ పాడిన జోల!”

ఐదేళ్ల కూతురు మొహం చిట్లించింది. “ఇది కాదమ్మా. నీ పాటకు చప్పుడుండదు.”

“చప్పుడు లేని పాటేంటే, పిచ్చిపిల్లా?” ముసలాయన నవ్వాడు. “ఏదీ, పాడు.”

చెందా అటూ ఇటూ చూసింది. తర్వాత పాడింది. గొంతు రాలేదు. పెదవులు మాత్రం టేపులోని ప్రతి మాటకూ సరిగ్గా కదిలాయి.

ముసలాయన నవ్వడం మానేశాడు. “ఇప్పుడు పాడితే ఎవరూ చంపరమ్మా,” అన్నాడు ఫల్లాతో.

ఫల్లా గొంతెత్తి పాడింది. బజారంతా ఇటు తిరిగింది. చెందా ఒప్పుకోలేదు.

“మొదలు మర్చిపోయావమ్మా. అటూ ఇటూ చూడలేదు.”