మందాయన ఊళ్లో లేడు

"మందాయన ఊళ్లో లేడు. కొండకు పోయినాడు."

బస్సు దిగీ దిగగానే ఎదురొచ్చి చెప్పింది ఎవరో పెద్దామె.

ధనశేఖర్‌కు ఒళ్లు మండింది. భార్య లోకేశ్వరికి కళ్లు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లకు పసరే మందని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తే, ఆదివారం పరగడుపునే ఈ ఊరి మందాయన దగ్గరికి పిలుచుకొచ్చాడు పాపం.

"ఆదివారం మందిచ్చేటోడు ఆదివారమే కొండకు పోతాడా?"

"నన్నడిగితే? స్వామి పిలిచినాడు, పోయినాడు."

లోకేశ్వరి డొక్క పట్టుకుని అక్కడే కూలబడింది. చలిజ్వరంతో వణుకుతోంది.

"నొప్పా అమ్మా?"

"తాళలేకుండానక్కా."

"తిరుపతికి పిలుచుకొని పో అప్పా. అదో, బస్సు!"

"మా సంగతి నీకెందుకమ్మా?"

ఆమె వింటేనా! బస్సుకు అడ్డంగా నిలబడి ఆపింది. లోకేశ్వరిని రెక్క పట్టి ఎక్కించింది. చేసేది లేక తానూ ఎక్కిన ధనశేఖర్, దారి పొడుగునా ఆమెను తిడుతూనే ఉన్నాడు.

తిరుపతిలో డాక్టరమ్మ స్కానింగ్ చూసింది.

"పిత్తాశయంలో రాళ్లున్నాయి. ఒకటి జారి పైత్యరసం పోయే గొట్టంలో ఇరుక్కుంది. చీము పడుతోంది. పసరు తాగించి ఇంట్లో పెట్టుకునుంటే మనిషి దక్కేది కాదు."

"కడుపు కోస్తారా మేడమ్?" అడిగాడు ధనశేఖర్.

"అంత కోత ఉండదు. నోట్లోంచి సన్న గొట్టం పంపి ఆ రాయి తీస్తాం. జ్వరం తగ్గాక, పొట్టకు చిన్న చిల్లులు పెట్టి పిత్తాశయం తీసేస్తాం."

అన్నట్టే చేశారు. లోకేశ్వరి కళ్లు తెల్లబడ్డాయి. మొగుణ్ని గదమాయించే ఓపికా వచ్చేసింది.

"ఆ యక్కకు చీర పెట్టాల."

"ఆమెకెందుకే? మందాయన లేకపోబట్టి బతికినావు."

"ఆమె తోయకుంటే నువ్వు బస్సెక్కేటోడివా?"

ఆదివారం చీర పట్టుకుని ఆ ఊరికి వెళితే, బస్‌స్టాపులో ఆమె లేదు. టీకొట్టు దేవరాజులును అడిగారు.

"వసంతమ్మా? ఎవరో పెద్దాయన పచ్చకండ్లతో వస్తే, తిరుపతికి పిలుచుకొని ఇప్పుడే బస్సెక్కింది."

"మందాయన ఈ వారం కూడా కొండకేనా అన్నా?"

"ఆదివారం ఆయన గడప దాటింది నేను చూడలేదప్పా. వచ్చినోళ్లందరికీ ఆమె అదే అబద్ధం చెప్తాది. తిట్లు తింటాది."

ధనశేఖర్ తల దించుకున్నాడు. లోకేశ్వరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మేము ఆమెకేమవుతామని అన్నా, ఇంత అగచాటు?"

దేవరాజులు గొంతు తగ్గించాడు.

"ఆమె మందాయన పెండ్లామే తల్లీ, ఇట్లే కండ్లు పచ్చబడిన కూతురికి తన చేత్తోనే ఆ పసరు తాపి, బిడ్డను పోగొట్టుకునింది."