నిరుటి మనసు

భీమవరం పక్కన రొయ్యల షెడ్డులో సువార్త ఐసునీళ్ళలో చేతులు పెట్టి తలలు తీస్తుండగా, చెవిలోని యంత్రం మెల్లగా చెప్పింది: "మీ మనసుకు తగ్గట్టు ఓటు వేసేశానండి."

ఇప్పుడు అందరి ఓట్లూ అలాగే పడుతున్నాయి. నచ్చనివాళ్ళు సాయంత్రంలోగా బూత్‌కి వెళ్ళి మార్చుకోవచ్చు. దాదాపు ఎవరూ వెళ్ళరు.

భర్త పోయినప్పటినుంచీ సువార్తకు ఆకలీ తెలియడం లేదు, ఏడుపూ రావడం లేదు.

"ఏ మనసు చూసి వేశావ్?" అని అడిగింది.

"ఈ ఏడు మీరు పెద్దగా మాట్లాడలేదండి. నిరుటి మాటల్ని బట్టి వేశాను."

నిరుడు ఆయన ఉన్నాడు.

ఆమె చేతులు తుడుచుకుని బూత్ పెట్టిన బడికి నడిచింది. బూత్‌లో ఆఫీసరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"వేరేవాళ్ళకి వేస్తారాండీ?" అని ఆమె అడిగింది.

"తెలీదమ్మా. అది నిరుటి మనిషినడిగి వేసింది. ఇప్పుడున్న నన్ను ఎవరూ అడగలేదు."

ఆఫీసరమ్మ పాత ఓటు రద్దు చేసి, వేలికి సిరా పెట్టింది. అట్ట చాటున సువార్త పేర్లన్నీ నిదానంగా చదివి ఒకటి నొక్కింది. ఐసునీళ్ళకి మొద్దుబారిన వేలికి మీట తగిలినట్టే లేదు. మోత వినబడ్డాకే ఓటు పడిందని తెలిసింది.

"ఇంకా తెరిచే ఉంచారు, సంతోషమమ్మా," అంది వెళ్తూ.

"ఒక్కరొచ్చినా తెరవాలి కదండీ."

దారిలో టీ బడ్డీ దగ్గర ఆగింది. పంచదార ఎంత వెయ్యమంటారని బడ్డీ ఆయన అడిగాడు. సువార్త కాసేపు ఆలోచించి, కొంచెం ఎక్కువే వెయ్యమంది.