ఇంగువ పోపు

గాజువాక లారీల అడ్డాలో ఇప్పుడు సగం కంటైనర్లు కాపురాలే. అద్దె ఇల్లు కలలో మాటయ్యాక, బయట ‘సిమెంటు’ అని రాయించుకుని జనం లోపల గుట్టుగా బతుకుతున్నారు. పోపు మాత్రం ఎవరూ పెట్టరు. పైన తిరిగే డ్రోన్లు వాసన పసిగడతాయి, దొరికితే కంటైనర్ జప్తే.

జ్వరంపడి లేచిన మొగుడు నోరు చప్పగా ఉందంటే, పైడితల్లి ఉండబట్టలేక చారులో ఇంగువ పోపు వేసింది. కాసేపటికే తనిఖీవాళ్లు వచ్చి, గాలివాటాన పొరబడి పక్క కంటైనర్ తలుపు బాదారు.

“పోపు పెట్టిందెవరు?”

అందులో ఉండేది ఒంటరి సన్యాసమ్మ. గంజి తప్ప వండుకోదు.

“నానే బాబూ, నోరూరి ఎట్టేసినాను.”

ఆమె కంటైనర్‌ని ఈడ్చుకుపోయారు. ఇంగువ వాసన మాత్రం పోలేదు. గిన్నె మూత మీద నొక్కిపట్టిన చెయ్యి పైడితల్లి తియ్యలేకపోయింది.