ఆమె పాట

"మీ అబ్బాయిని వేరే జైలుకి మార్చారమ్మా," అన్నాడు వార్డరు, ప్రార్థన గది తలుపు తీస్తూ. "తనే అడిగి మరీ వెళ్ళాడు."

ఆమెకి ఏడుపు రాలేదు. కొడుకు తన మొహం చూడనన్నాడు. కనీసం గొంతైనా వాడి చెవిన పడుతుందని, చర్చివాళ్ళు ఖైదీల కోసం చేసే జైలు పరిచర్య పేరు చెప్పి ప్రతి ఆదివారం వచ్చి ఇక్కడ పాడుతోంది.

బైబిలు సంచిలో పెట్టేసి వెనుదిరిగింది.

"ఇక రారా అమ్మా?" బెంచీ మీంచి ముసలి ఖైదీ అడిగాడు.

"నేను మీ కోసం రాలేదయ్యా."

"తెలుసమ్మా, మీవాడే చెప్పాడు. ఎవరి కోసమైతేనేం, మేమూ విన్నాంగా. నాకోసమని ఈ గేటు దాటి వచ్చినవాళ్ళే లేరు."

మనసింకా మొద్దుబారే ఉంది. అయినా వెళ్ళి అతని పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ తలుపు వైపే చూస్తూ పాడింది. ఈ మొహాన్ని ఇవాళే చూస్తోంది.

"మీ పేరేంటయ్యా?" అంది.